నాలుగేళ్ల వాడకం తర్వాత: ల్యాప్‌టాప్ లోపలి మోడెమ్, దానికున్న తాళం

విశాఖ ద్వారకానగర్‌లో 2021లో ఈ సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొన్నాను. షాపతను ముందే చెప్పాడు: "సిమ్ స్లాట్ ఉంది గానీ, లినక్స్‌లో రాదు సార్." లోపలున్నది సియెర్రా ఈఎం7455 కార్డు, అంటే సిమ్‌తో నెట్ ఇచ్చే మోడెమ్. లినక్స్ రకాల్లో ఒకటైన డెబియన్ 11 ఆపరేటింగ్ సిస్టం వేసి సిమ్ పెట్టగానే సిగ్నల్ వచ్చేసింది. ఆ ఊపులో తెలిసినవాళ్లందరికీ "ఏమీ చేయక్కర్లేదు, సిమ్ పెడితే చాలు" అని చెప్పాను. రెండేళ్లు ఆ మాట నిలబడింది.

2023లో డెబియన్ 12కి మారాను. పెందుర్తిలో మా ఇంటికి కేబుల్ నెట్ బాగానే వస్తుండటంతో మోడెమ్ జోలికి పోలేదు. డిసెంబరులో మిగ్‌జాం తుపాను వానలకి కేబుల్ పోయింది, కాసేపటికి కరెంటూ పోయింది. పొద్దున్నకల్లా ఆఫీసుకి ఒక పెద్ద ఫైలు పంపాలి. ఫోన్లో ఆ రోజు డేటా దాదాపు అయిపోయింది. సరే, మోడెమ్ ఉందిగా అనుకుంటే అది ఆన్ కాదే! కార్డు కనిపిస్తోంది, సిమ్ కనిపిస్తోంది, పవర్ స్టేట్ మాత్రం "లో" (తక్కువ పవర్) దగ్గరే ఆగిపోయింది. కార్డే పోయిందేమోనని ఒకటే టెన్షన్. మా ఆవిడ టార్చి పట్టుకుంటే అడుగు స్క్రూలన్నీ విప్పి, కార్డు తీసి మళ్లీ పెట్టి, యాంటెన్నా తీగలు రెండూ టక్కుమనేదాకా నొక్కాను. ఏం మారలేదు.

మిగిలిన కాస్త డేటాతో ఫోన్లో వెతికితే సంగతి తెలిసింది. కార్డుకి ఏమీ కాలేదు. అమెరికాలో రేడియో పరికరాలకి అనుమతులిచ్చే ఎఫ్‌సీసీ నిబంధనల కోసమని ల్యాప్‌టాప్ కంపెనీలు పెట్టించే తాళం అది. సాఫ్ట్‌వేర్ వచ్చి తీస్తే తప్ప రేడియో లేవదు. లినక్స్‌లో మోడెమ్‌ని నడిపే ప్రోగ్రాం పేరు మోడెమ్ మేనేజర్. దాని పాత వెర్షన్ ఆ తాళాన్ని అడక్కుండానే తీసేది. 1.18.4 వెర్షన్ నుంచి మానేసింది, తీయమని మనమే చెప్పాలి. తీసే స్క్రిప్టు (చిన్న ప్రోగ్రాం) కార్డు నంబరు పేరుతోనే (నాది 1199:9079) సిస్టంలో పడి ఉంటుంది. దానికి, సెట్టింగులుండే ఈటీసీలోని ఎఫ్‌సీసీ-అన్‌లాక్ ఫోల్డరులో ఒక లింకు పెట్టాలి, అంతే.

పెట్టాను. అయినా లేవలేదు. ఆ స్క్రిప్టు పిలిచే క్యూఎంఐసీఎల్ఐ ప్రోగ్రాం నా దగ్గర లేదు, అది లిబ్‌క్యూఎంఐ-యుటిల్స్ అనే వేరే ప్యాకేజీలో ఉంది. నెట్ తెచ్చుకోవడానికి నెట్ కావాలి! హాట్‌స్పాట్ ఆన్ చేసి, ఆ ఒక్క ప్యాకేజీ దించుకుని, వెంటనే ఆపేశాను. మోడెమ్ మేనేజర్ రీస్టార్ట్ చేశాక "లో" పోయి "ఆన్" వచ్చింది. చీకట్లో ఆ మాట చూసి పెద్దగా అరిచేశాను.

నేను డబ్బిచ్చి కొన్న రేడియోకి నాకు చెప్పకుండా తాళం వేయడం మీద కోపం మాత్రం ఇంకా పోలేదు.

ఆ తర్వాత తాళం బాధ మళ్లీ రాలేదు. స్లీప్ నుంచి లేపినప్పుడు అప్పుడప్పుడు సిగ్నల్ రాదు, మోడెమ్ మేనేజర్ రీస్టార్ట్ చేస్తే వస్తుంది. ఈ కార్డుకి బ్యాండ్ 40 (4జీ వాడే ఫ్రీక్వెన్సీల్లో ఒకటి) లేదు. ఆదివారం సాయంత్రం బీచ్ రోడ్డులో నా ఫోనే దీనికంటే స్పీడుగా ఉంటుంది. నా పని మెయిళ్లు, ఫైళ్లు, రిమోట్ లాగిన్ కాబట్టి సరిపోతోంది. గాలివానకల్లా కేబుల్ తెగే ఇల్లు కాబట్టి విలువా తెలుస్తోంది. వీడియోలు ఎక్కువ చూసేవాళ్లకి ఫోన్ హాట్‌స్పాటే నయమేమో.

కొనేటప్పుడు లోపల యాంటెన్నా తీగలు ఉన్నాయో లేదో విప్పించి చూడండి. ఆ లిబ్‌క్యూఎంఐ-యుటిల్స్ ప్యాకేజీ మాత్రం ఇంట్లో నెట్ ఉన్న రోజే వేసి పెట్టుకోండి.