పాత 997కి కొత్త అడాప్టివ్ డ్యాంపర్లు: కొన్నేళ్ళు నడిపాక నా అభిప్రాయం

పాత పోర్షే 911, అందులోనూ 997 తరం కారు కొనాలనుకునేవాళ్ళు ఇంజను గురించి పదిమందిని వాకబు చేస్తారు. సిలిండర్ గోడల మీద గీతలున్నాయేమో కెమెరా పెట్టి చూపించుకుంటారు. సస్పెన్షన్ సంగతి మాత్రం అడిగేవాళ్ళు తక్కువ. డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక ఏదీ వెలగకపోతే బాగానే ఉందనుకుంటారు. నా కరెరా ఎస్‌లో కూడా ఏ హెచ్చరికా వెలగలేదు, అయినా డ్యాంపర్ల (కుదుపునీ ఊగునీ అణిచే షాక్ అబ్జార్బర్ల) పని ఎప్పుడో అయిపోయింది. వాటి స్థానంలో, బిగువుని అప్పటికప్పుడు మార్చుకునే (అడాప్టివ్) బిల్‌స్టీన్ బీ16 డ్యాంప్‌ట్రానిక్ సెట్టు వేయించాను. కొంతకాలం పోయాక వాటిని నడిపే కంప్యూటర్ బాక్సుని, అంటే కంట్రోలర్‌ని కూడా మార్చాను. రోజువారీ పనులకీ, దూర ప్రయాణాలకీ, అప్పుడప్పుడూ ట్రాక్ మీదా ఈ కారునే వాడుతూ కొన్నేళ్ళు గడిచాక ఇది రాస్తున్నాను.

నా తీర్పు ముందే చెప్పేస్తాను. ఈ పని చేయించుకోవడం మంచిదే. అయితే నాకు దక్కిన లాభంలో పెద్ద వాటా నార్మల్ మోడ్‌లోనే ఉంది. స్పోర్ట్ బటన్ నొక్కినప్పుడు వచ్చే బిగువు కోసమే ఇంత ఖర్చు పెట్టాలనుకునేవాళ్ళు కాస్త ఆగి ఆలోచించుకోవాలి.

అడాప్టివ్ డ్యాంపర్లు ఈ కారుతో పుట్టినవేం కావు. 1983లోనే టయోటా తన సోరర్‌లో టెమ్స్ పేరుతో ఎలక్ట్రానిక్ డ్యాంపింగ్ ఇచ్చింది. పోర్షే 1986 నాటి 959లో ఒక్కో చక్రానికి రెండేసి షాక్ అబ్జార్బర్లు పెట్టింది. డ్యాంపింగ్ మార్చడం ఒకదాని వంతు, కారు ఎత్తు మార్చడం రెండోదాని వంతు. 2004లో 997 వచ్చినప్పుడు పీఏఎస్ఎం, అంటే పోర్షే సొంత అడాప్టివ్ డ్యాంపర్ల ఏర్పాటైన పోర్షే యాక్టివ్ సస్పెన్షన్ మేనేజ్‌మెంట్, కరెరా ఎస్‌కి కారుతోపాటే వచ్చేది. మామూలు కరెరాకి అడిగి వేయించుకోవాలి. అది ఉన్న కారు 10 మిల్లీమీటర్లు కిందికి కూర్చుంటుంది.

ఇందులో స్ప్రింగులు మారవు, ఎత్తు మారదు. డ్యాంపర్ లోపల నూనె వెళ్ళే దారిని విద్యుత్ వాల్వు వెడల్పు చేస్తుంది, ఇరుకు చేస్తుంది. బాడీ మీది సెన్సర్లు పైకీ కిందికీ కదలికని కొలుస్తుంటే, స్టీరింగ్ కోణం, వేగం, బ్రేకు ఒత్తిడి, ఇంజను టార్క్ వంటి సమాచారం కారులోని మిగతా కంప్యూటర్ల నుంచి వస్తుంది. కంట్రోలర్ అన్నీ కలిపి చూసి ఏ చక్రానికి ఎంత బిగువు కావాలో తేలుస్తుంది. దీని వెనకున్న ఆలోచన చాలా పాతది. డీన్ కార్నప్, ఆయన సహచరులు 1974లో ప్రచురించిన పత్రంలో, పెద్ద పంపులూ మోటార్లూ లేకుండా డ్యాంపర్ నిరోధాన్ని మాత్రం క్షణక్షణం మారుస్తూ బాడీని నిలకడగా ఉంచవచ్చని చూపించారు. ఆ పత్రం గురించి తెలిశాక ఈ చిన్న వాల్వు మీద నాకు గౌరవం పెరిగింది.

ఇక హెచ్చరిక ఎందుకు వెలగదో చెబుతాను, ఎందుకంటే చాలామంది పాత కార్ల యజమానులు ఇక్కడే మోసపోతున్నారు. కంట్రోలర్ చూసేది వాల్వు తీగలో కరెంటు సరిగ్గా పారుతోందా లేదా అన్నది. నూనె పల్చబడిందా, సీలు పక్కనుంచి చెమ్మ వస్తోందా, గ్యాస్ ఒత్తిడి తగ్గిందా అన్నది దానికి అందదు. వాల్వు చెప్పినట్టు వింటూనే ఉంటుంది, డ్యాంపర్‌లో అదుపు చేసే సత్తువే మిగలదు. ఇది ఏ తయారీదారు డ్యాంపర్‌కైనా తప్పని వయసు ప్రభావం. పైగా అది కొద్దికొద్దిగా వస్తుంది కాబట్టి, రోజూ నడిపేవాళ్ళు దానికి అలవాటు పడిపోతారు.

నా కారులో కనిపించిన గుర్తులు ఇవి. వేగంగా వెళ్తూ రోడ్డు మీది చిన్న ఎత్తు దాటితే వెనక భాగం ఒక ఊగుతో ఆగకుండా ఇంకోసారి ఊగేది. బ్రేకు వేస్తే ముక్కు దిగబడి, వదిలాక ఆలస్యంగా లేచేది. టైరు అంచుల మీద చెయ్యి పెట్టి తడిమితే ఎత్తుపల్లాలు తెలిసేవి. అన్నిటికంటే ముఖ్యంగా, నార్మల్‌కీ స్పోర్ట్‌కీ తేడా దాదాపు మాయమైంది. స్పోర్ట్‌లో కుదుపులు మాత్రం పెరిగేవి, బాడీ కుదురుకునేది కాదు. మీ కారులో రెండు మోడ్‌లూ ఒకేలా అనిపిస్తుంటే ఎలక్ట్రానిక్స్‌ని అనుమానించే ముందు కారుని లిఫ్ట్ మీదికి ఎక్కించి డ్యాంపర్ కడ్డీల దగ్గర నూనె తడి ఉందేమో చూడండి.

నా ముందు మూడు దారులుండేవి. కంపెనీ డ్యాంపర్లే మళ్ళీ వేయించడం అన్నిటికంటే సుఖమైన దారి, హాయిగా ప్రయాణించడమే కోరుకునేవాళ్ళకి ఈరోజు కూడా అదే చెబుతాను. ఎలక్ట్రానిక్స్ పూర్తిగా తీసేసి మామూలు కాయిలోవర్లు (స్ప్రింగూ డ్యాంపరూ కలిసి ఉండి, ఎత్తు మార్చుకోగలిగేవి) వేయించడం రెండోది. ట్రాక్ కోసమే ఉంచుకున్న కారుకి అది సబబే, కానీ అప్పుడు పీఏఎస్ఎం లోపం అని డ్యాష్‌బోర్డు మొరపెట్టుకోకుండా కోడింగ్ చేయించాలి లేదా అదనపు మాడ్యూల్ పెట్టించాలి. నాకు ఉదయం ఆఫీసుకి వెళ్ళే కారూ, ఆదివారం ట్రాక్‌కి వెళ్ళే కారూ ఒకటే. అందుకే డ్యాంప్‌ట్రానిక్ ఎంచుకున్నాను. పాత ప్లగ్గులే ఇందులోకి వెళ్తాయి, బటన్ మునుపటిలాగే పనిచేస్తుంది, కారు ఎత్తుని డ్యాంపర్ మీది మర రింగు, అంటే కాలర్, తిప్పి మార్చుకోవచ్చు. ఇది మోనోట్యూబ్ రకం: తేలే పిస్టన్ ఒకటి నూనెనీ, ఒత్తిడిలో ఉన్న నైట్రోజన్‌నీ వేరుచేసి ఉంచుతుంది. ఎడతెగని మలుపుల్లో నూనె వేడెక్కినా నురగ కట్టదు కాబట్టి డ్యాంపింగ్ సడలదు.

పాత కారులో ఈ పని చేయించేటప్పుడు డబ్బు రబ్బరు మీద పెట్టండి. టాప్ మౌంట్లు (డ్యాంపర్ పై కొసని బాడీకి పట్టి ఉంచేవి), వాటి బేరింగులు, చక్రాన్ని పట్టి ఉంచే కంట్రోల్ ఆర్మ్‌ల బుష్‌లు (కీళ్ళలోని రబ్బరు ముక్కలు), కారు ఒరుగుని తగ్గించే యాంటీ రోల్ బార్ లింకులు, డ్యాంపర్ పూర్తిగా నొక్కుకుపోకుండా అడ్డుకునే బంప్ స్టాప్‌లు: డ్యాంపర్లు విప్పినప్పుడే ఇవన్నీ బయట పడతాయి, అప్పుడే మార్చేయాలి. ఎండిపోయిన బుష్ చక్రాన్ని తనకి నచ్చిన దిక్కుకి వదిలేస్తుంటే ఎంత తెలివైన డ్యాంపరైనా ఏం చేయగలదు? ఖరీదైన డ్యాంపర్లు వేయించాక కూడా "టకటకమంటోంది" అని బాధపడే కార్లలో చాలావాటికి కారణం తిరిగి వాడిన పాత టాప్ మౌంటే అయి ఉంటుంది.

నా కారు మొదట అప్పగించిన వర్క్‌షాప్‌లో బుష్ బోల్టులని చక్రాలు గాల్లో వేలాడుతుండగానే పూర్తి బిగువుకి తిప్పేశారు. దాంతో కారు కిందికి దిగినా రబ్బరు మెలితిరిగి ఉండిపోయి, కారు ఉండాల్సినదానికంటే ఎత్తులో నిలబడింది, మెల్లగా వెళ్ళేటప్పుడు మూలిగింది. వేరే చోటికి తీసుకెళ్ళి, బరువు చక్రాల మీద ఉండగా బోల్టులన్నీ వదులు చేయించి మళ్ళీ బిగింపించాక ఆ మూలుగు పోయింది. ఏ కారుకైనా వర్తించే సంగతి ఇది. పని అప్పగించే ముందే ఈ ఒక్క ప్రశ్న అడిగి చూడండి: "బుష్ బోల్టులు ఎప్పుడు బిగిస్తారు?" వచ్చే జవాబుని బట్టి ఆ మెకానిక్ చెయ్యి ఎలాంటిదో తెలుస్తుంది. ఇంకొకటి, ఇన్నేళ్ళ వయసున్న ప్లగ్గుల ప్లాస్టిక్ పెళుసుగా ఉంటుంది. క్లిప్పులు విరుగుతాయి, అవి సిద్ధంగా ఉంచుకుంటే మంచిది.

కారు ఎంత దించాలన్నది ఇంకో పెద్ద చర్చ. కాలర్ తిప్పితే కారు నేలకి ఆనుకున్నట్టు కనిపిస్తుంది, ఫొటోలు బాగా వస్తాయి. కానీ దించినకొద్దీ డ్యాంపర్ కదలడానికి ఉన్న చోటు తగ్గుతుంది. గుంతలో పడగానే బరువు బంప్ స్టాప్ మీదికి పోతుంది, ఆ తర్వాత వాల్వు ఏం చేసినా లెక్కలోకి రాదు. అడాప్టివ్ సెట్టు కొని అడుగుదాకా దించడం అంటే కొన్నదాన్ని మళ్ళీ అమ్మేయడమే. నేను కరెరా ఎస్ అసలు ఎత్తుకి కాస్త కింద ఆపాను. నాలుగు చక్రాల మీది బరువు తూయించి సర్దించాను. ముందు క్యాంబర్ (చక్రం నిలువునా లోపలికో బయటికో వాలే కోణం) మైనస్ ఒక డిగ్రీ దాటింది, వెనక అంతకంటే కొంచెం ఎక్కువ. వెనక టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) మాత్రం చాలా జాగ్రత్తగా పెట్టించాను, ఎందుకంటే ఈ కారు బరువులో దాదాపు 62 శాతం వెనకే ఉంటుంది, అక్కడి 295 టైర్ల లోపలి అంచులు టో తేడా వస్తే ఊరికే కరిగిపోతాయి. జెనాన్ హెడ్‌లైట్లు ఉంటే ఎత్తు మారాక వాటినీ తిరిగి కాలిబ్రేట్ చేయించాలి.

ఇక నడపడం. నార్మల్‌లో పెట్టి మొదటి పాడైన రోడ్డు మీదికి వెళ్ళినప్పుడు నాకు తెలిసిన తేడా ఏమిటంటే, చక్రం పడింది, బాడీ పడలేదు. ఈ వాక్యం వెనక చిన్న లెక్క ఉంది. కారు బాడీ సహజంగా సెకనుకి ఒకటి రెండు సార్లు ఊగుతుంది, చక్రం మాత్రం పది నుంచి పదిహేను సార్లు దాకా అదురుతుంది. మంచి డ్యాంపర్ మొదటిదాన్ని గట్టిగా పట్టుకుని, రెండోదాన్ని వీలైనంత వదిలేయాలి. అరిగిన డ్యాంపర్ రెండింటినీ వదిలేస్తుంది, అతి గట్టి డ్యాంపర్ రెండింటినీ బిగబట్టేస్తుంది. డ్యాంప్‌ట్రానిక్ నార్మల్‌లో కొత్త కంపెనీ డ్యాంపర్ కంటే ఒక మెట్టు గట్టిగా ఉంటుంది, అది నిజం. చిన్న అతుకులు, రోడ్డు కీళ్ళు వినిపిస్తాయి, సీటులోకీ అందుతాయి. కానీ పెద్ద ఊగుని అది ఒక్క కదలికలో ముగించేస్తుంది. దూరం వెళ్ళినప్పుడు మనిషిని అలసిపోయేలా చేసేది ఆగని ఊగే, చిన్న కుదుపు అంతగా అలసట తేదు. మా ఇంట్లోవాళ్ళు "కారు గట్టిపడింది" అంటారు, అదే నోటితో "ఇప్పుడు కడుపులో తిప్పడం లేదు" అని కూడా అంటారు.

911 నడపడంలో అసలు ఆనందం ముందు చక్రాల మీదికి బరువు తెచ్చి, మలుపు మధ్యలో ఆ బరువుని వెనక్కి ఇవ్వడంలో ఉంది. తేలికైన ముక్కు, బరువైన తోక. పాత డ్యాంపర్లతో బ్రేకు వదలగానే ముక్కు ఎప్పుడు లేస్తుందో ఊహించి స్టీరింగ్ తిప్పాల్సి వచ్చేది. ఇప్పుడు పాదం కదిలినంతే బరువు కదులుతుంది. ఇది టైమర్‌లో కనిపించే లాభం కాదు, కానీ రోజూ ఇంటికి తిరిగొచ్చే దారిలోని మామూలు మలుపులో కూడా దొరుకుతుంది. ఈ కారు మీద నాకు మళ్ళీ మోజు పుట్టింది ఇందువల్లే.

స్పోర్ట్ మోడ్ నున్నటి ట్రాక్ మీద బాగుంటుంది. దిశ మార్చినప్పుడు కారు వెంటనే కుదురుకుంటుంది. గతుకుల రోడ్డు మీద నేను దాని జోలికి పోను, టైరు నేలని వదిలి తేలుతున్నట్టు అనిపిస్తుంది. స్పోర్ట్ క్రోనో అనే అదనపు ప్యాకేజీ ఉన్న కార్లలో స్పోర్ట్ బటన్ నొక్కితే డ్యాంపర్లు కూడా బిగుస్తాయి, అక్కడ డ్యాంపర్ బటన్ విడిగా నొక్కి వాటిని నార్మల్‌కి తెచ్చుకోవచ్చు. వేగవంతమైన థ్రాటిల్, మెత్తటి డ్యాంపర్లు: ఎగుడుదిగుడు మలుపుల దారిలో నాకు బాగా నచ్చిన కలయిక ఇది.

గట్టి డ్యాంపర్ వేస్తే కారు మలుపులో ఒరగదని చాలామంది నమ్ముతారు. పొడవాటి మలుపులో కారు చివరికి ఎంత ఒరుగుతుందో తేల్చేవి స్ప్రింగులూ యాంటీ రోల్ బార్లూ. డ్యాంపర్ తేల్చేది ఆ ఒరుగు ఎంత త్వరగా వస్తుందన్నది. నా కారులో ఒరుగు కొంచెం తగ్గింది కూడా, అది సెట్టుతో వచ్చిన స్ప్రింగుల వల్ల.

కంట్రోలర్ సంగతి కాస్త జాగ్రత్తగా చెప్పాలి. పీఏఎస్ఎం బాక్సు స్థానంలో పెట్టే డీఎస్‌సీ స్పోర్ట్ వంటివి ఉన్నాయి. పాత బాక్సు తీసి దీన్ని తగిలిస్తే చాలు, తీగలు కోయక్కర్లేదు. వేగం, పక్కకి లాగే బలం, బ్రేకు వంటి వాటిని బట్టి ఏ చక్రానికి ఎంత కరెంటు ఇవ్వాలో ల్యాప్‌టాప్‌లో పట్టికల రూపంలో మనమే రాసుకోవచ్చు. దాంతో కారు తీరు మారిందా అంటే మారింది. నెమ్మదిగా వెళ్తున్నప్పుడు మెత్తదనం పెరిగింది, గట్టిగా బ్రేకు వేసినప్పుడు ముందు డ్యాంపర్లు ముందే బిగుసుకుని ముక్కుని నిలబెట్టాయి. నార్మల్‌లో నాకు వినిపించిన ఆ చిన్న అతుకుల సడి కూడా తగ్గింది. అయితే ఇదంతా ఆరోగ్యంగా ఉన్న డ్యాంపర్ల మీదే. అరిగిపోయిన వాటికి కొత్త కంట్రోలర్ తగిలించిన కారుని నడిపి చూశాను, బాగుపడిందేమీ నాకు కనిపించలేదు. ముందు రబ్బరు, తర్వాత డ్యాంపర్లు, ఆపైన కోరిక మిగిలితే కంట్రోలర్. డబ్బు మొదటి రెండింటికే సరిపోతే మూడోది లేనందుకు బెంగపడక్కర్లేదు.

పట్టికలు మార్చుకుంటూ పోవడంలో ఒక ప్రమాదం ఉంది. ప్రతి వారం ఒక కొత్త అంకె పెడితే కారు తీరు మన చేతులకి అలవాటు కాదు, ఏ మార్పు దేనివల్ల వచ్చిందో తెలియదు. నేను తయారీదారు ఇచ్చిన పట్టికనే ఉంచి, బ్రేకు భాగం ఒక్కటే కొద్దిగా సవరించి వదిలేశాను.

ఇన్నాళ్ళ వాడకంలో డ్యాంపర్ల నుంచి నూనె చెమ్మ రాలేదు. టైర్లు సమంగా అరుగుతున్నాయి. శ్రద్ధ కోరేది కాలర్ మరలు: బురద, తడి చేరితే పట్టేస్తాయి, ఆపైన ఎత్తు మార్చడం కష్టం. సర్వీసుకి ఇచ్చినప్పుడల్లా వాటిని బ్రష్‌తో తుడిపించి, తుప్పు పట్టకుండా పైపూత వేయిస్తాను. అలైన్‌మెంట్ కూడా అప్పుడే చూపిస్తాను, కొత్త బుష్‌లు కుదురుకున్నాక టో కొద్దిగా జరిగింది.

నగరంలో నెమ్మదిగా తిరగడానికే కారు వాడేవాళ్ళకి ఈ సెట్టు వద్దు, కంపెనీ డ్యాంపర్లే వేయించుకోండి. ట్రైలర్ మీద ట్రాక్‌కి వెళ్ళే కారుకి మామూలు కాయిలోవర్లు చాలు. ఒకే కారుతో అన్నీ చేయాలనుకుంటూ, దాన్ని ఇంకా చాలా ఏళ్ళు ఉంచుకోవాలనుకునేవాళ్ళకి మాత్రం నా సలహా ఈ సెట్టే. విప్పిన పాత డ్యాంపర్లని, కంట్రోలర్ మారిస్తే పాత బాక్సుని కూడా, పారేయకుండా గుడ్డలో చుట్టి దాచండి. అమ్మేరోజు కొనేవాళ్ళు తప్పకుండా అడుగుతారు.