ఎంబీఏలో నాకు బాగా పనికొచ్చింది ఐదు చీటీలు

ఎంబీఏ ప్రవేశ పరీక్ష ఐసెట్‌లో ర్యాంకు రాగానే మా ఊరి పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు ఇప్పటికీ నాకు ఫోన్ చేస్తుంటారు, హైదరాబాద్‌లో నేను చదివిన కాలేజీ ఎలా ఉంటుందని. నేను అక్కడి నుంచి బయటికొచ్చి మూడేళ్లయింది. సిలబస్, ఫీజు, ప్యాకేజీల సంగతి ఎవరినడిగినా చెప్తారు. నేను చెప్పేది చీటీల గురించి.

మొదటి ఏడాది ఆరుగురికో గ్రూపు. ఎవరు ఎవరితో ఉండాలో కాలేజీవాళ్లే వేశారు. నచ్చినవాళ్లతో కలుస్తామంటే కుదరదు. రెండు వారాలకోసారి లీడర్ మారాలి. సెమిస్టర్ మధ్యలో ఒక్కొక్కరి గురించి మిగతా ఐదుగురూ తమ పేరు రాయకుండా చీటీ రాయాలి. అందులో ఒక మంచి, ఒక మార్చుకోవాల్సింది. దానికి మార్కులు లేవు.

నేను కూకట్‌పల్లిలో మందుల డిస్ట్రిబ్యూటర్ దగ్గర రెండేళ్లు పనిచేసి చేరాను. గ్రూపులో నేనే పెద్ద. రాత్రి పదకొండు దాటినా ఎవరి స్లైడ్లు రాకపోతే వాళ్లవీ నేనే చేసేసేవాణ్ని. సాయం చేస్తున్నాననే అనుకున్నాను.

నాకొచ్చిన చీటీల్లో ఒకటి ఇప్పటికీ దాచుకున్నాను. గళ్ల నోట్‌బుక్‌లోంచి చింపిన ముక్క, నీలం ఇంకు. ‘అన్న మంచోడు. కానీ మా వంతు వచ్చేలోపే అన్ననే మాట్లాడేస్తడు.’ ఐదింటిలో మూడు అదే మాట చెప్పాయి. అంతకు పది రోజుల ముందే మిడ్ పరీక్షలో జొహారి విండో మీద రెండు పేజీలు రాశాను. మన గురించి మనకేం తెలుసు, ఎదుటివాళ్లకేం తెలుసు అని చూపేందుకు 1955లో జోసెఫ్ లుఫ్ట్, హారీ ఇంగమ్ ఇచ్చిన ఆ నాలుగు గళ్ల బొమ్మ గీసి, ఎదుటివాళ్లకు తెలిసి మనకు తెలియని గడి గురించి చక్కగా వివరించాను. ఆ గడిలో నేనే ఉన్నానని చీటీ చూసేదాకా తట్టలేదు. ఆ రాత్రి సరిగా నిద్రపట్టలేదు.

తర్వాతి ప్రాజెక్టు ఉల్లిగడ్డ ధర మీద. పొద్దున్నే మలక్‌పేట గంజ్‌కు, అంటే ఉల్లిగడ్డల టోకు మార్కెట్‌కు వెళ్లాం. ఆ వారం లీడర్ ఆదిలాబాద్ నుంచి వచ్చిన అమ్మాయి. డిగ్రీ దాకా తెలుగు మీడియం, క్లాసులో నోరు విప్పేది కాదు. మహారాష్ట్ర నుంచి వచ్చిన లారీ డ్రైవర్‌ను నేను నాకొచ్చిన హిందీలో అడుగుతుంటే ఆయన ముక్తసరిగా తలూపుతున్నాడు. ‘అన్నా, మీరు జర ఆగున్రి’ అని ఆ అమ్మాయి ముందుకొచ్చి మరాఠీలో మొదలుపెట్టింది. డ్రైవర్ మొహం వెలిగిపోయింది. బస్తాకు హమాలీ ఎంత, దారిలో ఎంత కుళ్లిపోతుంది, వేలం ఆలస్యమైతే లారీ నిలబడినందుకు ఎవరు భరిస్తారు, అన్నీ చెప్పాడు. నేను పక్కన నిలబడి రాసుకున్నాను. ప్రెజెంటేషన్ రోజు సార్ ఆమెను ప్రశ్న అడిగినప్పుడు జవాబు నా నాలుక చివరి దాకా వచ్చింది. బెంచీ అంచు గట్టిగా పట్టుకుని ఊరుకున్నాను. ఆమె కాసేపు ఆలోచించి నాకంటే మంచి జవాబు చెప్పింది.

చేరిన కొత్తలో, ఇక్కడ లీడర్‌షిప్ నేర్పడం అద్భుతమని కనబడినవాళ్లందరికీ చెప్పాను. ఇప్పుడైతే మొదటి ఏడాది వరకే ఆ మాట అంటాను. రెండో ఏడాది ఆ చీటీలకు మార్కులు కలిపారు. అంతే, అందరి చీటీలోనూ ‘మంచి టీమ్ ప్లేయర్’ అన్న ఒకే మాట. ప్లేస్‌మెంట్ల టెన్షన్‌లో ఎవరి మార్కులు ఎవరు తగ్గిస్తారు? అంత మంచి ఏర్పాటును చేతులారా పాడు చేశారని నాకిప్పటికీ బాధే. క్లబ్బులు, ఫెస్టు సరదాగానే గడిచాయి గానీ, వాటిలో ఎక్కువగా నేర్చుకున్నది స్పాన్సర్ల చుట్టూ తిరగడమే.

నాకు కలిసొచ్చిన సంగతులూ ఉన్నాయి. దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఉండేవాణ్ని కాబట్టి సాయంత్రం గ్రూపుతో ఎంతసేపైనా కూర్చోగలిగాను. పటాన్‌చెరు నుంచి బస్సులో వచ్చే మా గ్రూపు అబ్బాయి ఆరింటికే లేచిపోయేవాడు, అతనికి ఇదంతా సగమే దక్కింది. డిగ్రీ అవగానే నేరుగా చేరి ఉంటే ఆ చీటీ నన్ను అంతగా తాకేది కాదేమో. ఈ ఏడాది చేరాలనుకునేవాళ్లు మాత్రం ఫీజు రీయింబర్స్‌మెంట్ సంగతితో పాటు సీనియర్లను ఇంకోటి కూడా అడగండి: గ్రూపులు ఎవరు వేస్తారు, చీటీలకు మార్కులున్నాయా?