పాత థింక్‌ప్యాడ్ కొంటున్నారా? ముందు ఎఫ్1 నొక్కి చూడండి

పోయిన నెల పాలమూరులో ఒక సెకండ్ హ్యాండ్ షాపులో ఐబీఎం థింక్‌ప్యాడ్ ఎక్స్40 కొని 4,500 రూపాయలు పోగొట్టుకున్నాను. ఇలాంటి పాత, సన్న లాప్‌టాప్‌ల పిచ్చి ఉన్నవాళ్ళు మన నల్గొండ, పాలమూరు దిక్కు ఇంకొందరు ఉన్నారు కాబట్టి రాస్తున్నా.

2004లో వచ్చిన మెషిన్ ఇది. 12 అంగుళాల స్క్రీన్, బరువు కిలోంపావు లోపే. మూత మీద పెద్దగా గీతల్లేవు. కీబోర్డు మధ్య మౌస్‌లా వాడే ఎర్ర బొడిపె కొత్తదానిలా గరుగ్గా ఉంది. దాన్ని చూసే సగం పడిపోయాను. విండోస్ ఎక్స్‌పీ కూడా చక్కగా ఓపెన్ అయింది. "ఫుల్ వర్కింగ్ అన్నా, ఇంకేం చూస్తవ్" అన్నాడు షాపాయన. చార్జర్ తగిలించే ఉంది. తీయమని నేను అడగలేదు.

ఇంటికొచ్చేసరికి రాత్రయింది. పొద్దున చార్జర్ పెట్టి ఆన్ చేస్తే తేదీ, టైమ్ సరిచూసుకోమని ఎర్రర్. ఎఫ్1 నొక్కితే పాస్‌వర్డ్ అడిగింది. అంతే, ఇక ముందుకు పోదు.

సంగతేంటంటే, తేదీ, టైమ్ కాపాడే లోపలి బటన్ సెల్ చచ్చిపోయింది. మెయిన్ బ్యాటరీదీ అదే కథ. చార్జర్ ఉన్నంతసేపు గడియారం నడిచింది, తీయగానే తేదీ పోయింది. తేదీ మళ్ళీ పెట్టాలంటే సూపర్‌వైజర్ పాస్‌వర్డ్, అంటే మెషిన్ సెట్టింగ్స్‌కు వేసిన తాళం, కావాలి. ఇవి ఎక్కువగా ఆఫీసుల స్క్రాప్‌లో వచ్చేవి, ఎప్పుడో ఎవరో పెట్టిన పాస్‌వర్డ్ అలాగే ఉండిపోతుంది. సెల్ తీసి పెడితే పాస్‌వర్డ్ పోతుందని చాలామంది చెప్తారు, థింక్‌ప్యాడ్‌లో పోదు. అది మదర్‌బోర్డు మీద వేరే చిప్‌లో ఉంటుంది. మర్చిపోతే మదర్‌బోర్డే మార్చుకోవాలని కంపెనీ మాన్యువల్‌లోనే ఉంది. ఆ చిప్‌కు వైర్లు అతికించి పాస్‌వర్డ్ చదివేవాళ్ళు ఉన్నారు కానీ, చీమ కాళ్ళంత పిన్నులకు సోల్డరింగ్ నా చేతుల్లో పని కాదు.

షాపాయనకు ఫోన్ చేస్తే "నా దగ్గర నడిచింది కదన్నా" అన్నాడు. అబద్ధం అనలేం కూడా.

అందుకే డబ్బులిచ్చే ముందు చార్జర్, బ్యాటరీ రెండూ తీయించండి. పది నిమిషాలు ఆగి మళ్ళీ ఆన్ చేయించి, ఎఫ్1 నొక్కి బయోస్‌లోకి (విండోస్ కంటే ముందు వచ్చే మెషిన్ సెట్టింగ్స్‌లోకి) మీరే వెళ్ళండి. పాస్‌వర్డ్ అడిగితే స్పేర్ పార్ట్స్ రేటే మాట్లాడండి. హార్డ్ డిస్క్ చప్పుడు కూడా వినండి. ఎక్స్40లో ఉండేది 1.8 అంగుళాల చిన్న డిస్క్, మామూలు లాప్‌టాప్ డిస్క్ అందులో పట్టదు. అడాప్టర్‌తో పాత కెమెరాల్లో వాడే సీఎఫ్ మెమరీ కార్డు పెట్టుకోవచ్చు, కాబట్టి డిస్క్ పోయినా ఫర్వాలేదు. పాస్‌వర్డ్ ఉంటే మాత్రం పూర్తి రేటుకు కొనకండి.

నేను వచ్చేటప్పుడు ఆ షాపులో ఇంకో రెండు ఎక్స్40లు ఉన్నాయి. రెండింటికీ చార్జర్ తగిలించే ఉంది.