ఆగస్టులో మారా, ఫిబ్రవరిలో ఎన్‌డూటు

ఆఫ్రికా సఫారీకి ఏ నెల మంచిదని అడిగేవాళ్లను నేను తిరిగి ఒకటే అడుగుతాను: మీకు ఏం చూడాలని ఉంది? మేం రెండుసార్లు, రెండు కాలాల్లో వెళ్లాక అర్థమైంది ఇదే.

మొదటిసారి ఆగస్టులో కెన్యాలోని మసాయి మారా అభయారణ్యం. వైల్డ్‌బీస్ట్ అనే ఎద్దులాంటి అడవి జంతువుల మందలు మారా నది దాటేది జులై నుంచి అక్టోబరు దాకా. ఫలానా రోజు దాటతాయని ఎవరూ చెప్పలేరు. ఒడ్డున మూడున్నర గంటలు ఎదురుచూశాం. వేల జంతువులు నీళ్ల దాకా వచ్చాయి. ముందున్న ఒక్కటి బెదిరేసరికి మంద మొత్తం వెనక్కి తిరిగింది. మూడో రోజు దాటాయి. ఆ దుమ్ము, అరుపులు, నీళ్లలో మొసళ్లు చూస్తుంటే ఒళ్లు జలదరించింది. కానీ చుట్టూ నలభైకి పైగా బళ్లు. కొందరైతే మంద దిగే దారికే అడ్డంగా ఆపారు. చాలా బాధేసింది.

బస దగ్గర కూడా దెబ్బతిన్నాం. నది పక్కనే క్యాంపు అన్నారు. తీరా చూస్తే గేటు బయట, నదికి గంటన్నర దూరం. మారాలో ఇప్పుడు జులై నుంచి డిసెంబరు దాకా విదేశీయులకు టికెట్ మనిషికి రోజుకు 200 డాలర్లు, జనవరి నుంచి జూన్ దాకా 100. అది చెల్లేది ఉదయం 6 నుంచి సాయంత్రం 6 వరకే. అంత డబ్బు కట్టి మూడు గంటలు రానూపోనూ దారిలోనే పోతే ఎలా? బుక్ చేసేముందు దూరం మ్యాపులో మీరే చూసుకోండి.

రెండోసారి ఫిబ్రవరిలో టాంజానియా. అరూషా నగరం నుంచి గోరోంగోరో అభయారణ్యం మీదుగా, సెరెంగెటీ దక్షిణపు అంచున ఉన్న ఎన్‌డూటు మైదానాలకి దాదాపు రోజంతా పట్టింది. అగ్నిపర్వతాల బూడిద పేరుకున్న నేల కాబట్టి వానకు మొలిచే పొట్టి గడ్డిలో ఖనిజాలు ఎక్కువ. ఈనడానికి మందలు అక్కడికి చేరేది అందుకే. గోరోంగోరో వైపు రోడ్డు దిగి నడపనిస్తారు. మా బండికి ముప్పై అడుగుల్లో ఒకటి ఈనింది. తడి ఆరని దూడ నాలుగుసార్లు లేవబోయి ముందుకాళ్ల మీద పడింది. ఐదోసారి నిలబడింది. మా ఆవిడ వాచీ చూసింది, ఏడు నిమిషాలు! పుట్టింట్లో గేదె ఈనిన రాత్రుళ్లు లాంతరు పట్టుకుని నిలబడ్డ మనిషి, కళ్లు తుడుచుకుంది. కాసేపటికే దూడ తల్లి వెంట పరుగు. దూరంగా గట్టు మీద చీతా కూర్చునే ఉంది.

నన్నడిగితే ఫిబ్రవరే. అయితే ఏనుగుల కోసమైతే వద్దు. టాంజానియాలోనే ఉన్న తరంగిరె పార్కులో అవి నది దగ్గర గుంపులుగా చేరేది వానలు లేని కాలంలో, అంటే జులై నుంచి అక్టోబరు దాకా. వానలకు చెదిరిపోతాయి, మాకు తక్కువే కనిపించాయి.

మన పిల్లల వేసవి సెలవులు అక్కడ పెద్ద వానల్లో పడతాయి. ఏప్రిల్, మే నెలల్లో రేట్లు తగ్గుతాయి కానీ నల్లరేగడి బురదలో బళ్లు దిగబడతాయి, కొన్ని క్యాంపులు మూసేస్తారు. చిన్నపిల్లలతో ఆ టెన్షన్ పడకండి, బడికి వారం సెలవు పెట్టించడమే నయం.

కెన్యా నుంచి తిరిగొస్తే మన ఎయిర్‌పోర్టులో ఎల్లో ఫీవర్ టీకా వేయించుకున్నట్టు కార్డు అడుగుతారు. టీకా ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందే వేయించుకోండి.