పతకానికి పన్ను మినహాయింపా, ప్రాక్టీసుకు నెలసాయమా: ఏది మేలు?

ఐటీ రిటర్నుల సీజన్ వచ్చిందంటే నా దగ్గరికి వచ్చే ఆటగాళ్ల తండ్రులు తిప్పి తిప్పి ఒకటే అడుగుతున్నారు. "ఈ గ్రాంట్లు, ఆడిట్లు, గొడవలు ఎందుకు సార్? ఆటగాళ్లకు పన్ను మొత్తం ఎత్తేస్తే పోలా?" 'ఆడుదాం ఆంధ్రా' ఖర్చు మీద విచారణ మొదలయ్యాక ఈ మాట మరీ ఎక్కువైంది. వంద కోట్లకు పైగా పెట్టి ఆడించిన పోటీలవి. ప్రభుత్వం మారింది, లెక్కలు తీయమంది. ఒక పార్టీ అవినీతి అంటుంది, ఇంకో పార్టీ కక్ష అంటుంది.

నిజానికి మినహాయింపు కొత్తగా ఇచ్చేదేం కాదు. ప్రభుత్వాలిచ్చే బహుమతులకు 1961 ఆదాయపు పన్ను చట్టంలోని 10(17ఎ) సెక్షన్ నాటి నుంచే పన్ను లేదు. రియో పతకానికి 2016లో సింధుకు తెలంగాణ 5 కోట్లు, ఆంధ్రప్రదేశ్ 3 కోట్లు ప్రకటించాయే, అలాంటి డబ్బన్నమాట. ప్రొఫెషనల్ కాని ఆటగాడి బహుమతికి పన్ను లేదని ప్రత్యక్ష పన్నుల బోర్డు (సీబీడీటీ) 1986లోనే 447వ నంబరు సర్క్యులర్ ఇచ్చింది. (ఆ తర్వాత గిఫ్టుల రూల్సు మారాయి. ప్రైవేటువాళ్ల చెక్కు పెద్దదైతే ఎవరినైనా అడిగాకే ఖర్చు పెట్టండి.)

ఇదంతా పతకం వచ్చాక మాట. మా వీధిలో 400 మీటర్లు పరుగెత్తే పదహారేళ్ల అమ్మాయి ఉంది. తండ్రి ఆటో నడుపుతాడు. కొత్త పన్ను విధానంలో 12 లక్షల దాకా ఆదాయం ఉన్నవాళ్లకే పన్ను పడటం లేదు, ఆ ఇంట్లో ఏం పడుతుంది? లేని పన్ను మాఫీ చేస్తే ఆమె స్పైక్స్‌కి, అంటే పిన్నులుండే పరుగు బూట్లకి, కొత్త పిన్నులు రావు. అదే కేంద్రం క్రీడా పథకం ఖేలో ఇండియాకి ఎంపికైతే చేతిఖర్చులకు నెలకు పదివేలు. గుడ్లు, పాలు, బస్సు చార్జీలు గడుస్తాయి. అదీ పతకానికి ముందే. నా ఓటు దీనికే.

అలాగని లెక్కలు వద్దనను. 2010 కామన్వెల్త్ క్రీడల ఖర్చులో అవకతవకల మీద కాగ్ 2011లో ఇచ్చిన రిపోర్టు చూసినవాళ్లెవరూ ఆ మాటనరు. చూడాల్సిన చోటు చూడటం లేదనేదే నా బాధ. గ్రాంటు తీసుకున్న సంస్థ ఆర్థిక సంవత్సరం ముగిసిన 12 నెలల్లోపు వినియోగ పత్రం, అంటే మేం యూసీ అనేది, ఇవ్వాలి. ఒకసారి ఓ చిన్న క్లబ్ కోచ్ కవరు నిండా బిల్లులు తెచ్చి బల్ల మీద కుమ్మరించాడు. థర్మల్ కాగితం, సగం మీద అక్షరాలే ఎగిరిపోయాయి. అరటిపళ్ల బండివాడు అసలు బిల్లే ఇవ్వడాయె. ఇవి చెల్లవన్నారు అధికారులు, గ్రాంటు తర్వాతి విడత ఆగిపోయింది. కిట్ల కాంట్రాక్టరు బిల్లు మాత్రం సీలుతో సహా నీటుగా ఉంటుంది. కోట్ల బహుమతి మీద వదిలేసిన పన్నుకి యూసీ ఎవరూ అడగరు, అరటిపళ్లకి అడుగుతారు.

జీఎస్టీ తగ్గింపు అంటారా, 2025 సెప్టెంబరు 22 నుంచి క్రీడా సామగ్రి మీద 12 శాతం 5 అయింది. మంచిదే. స్పైక్స్ మాత్రం బూట్ల లెక్కలోకి వస్తాయి, జత 2,500 దాటితే 18 శాతమే.

ఆటో నాన్నకి రిటర్ను పని లేదని చెప్పి పంపేశాను. ముందు అమ్మాయి పేరున బ్యాంకు ఖాతా తెరవమన్నాను.