ఒగ్గు కథను ముక్కలు చేసిన ఆటో స్ప్లిట్: క్యాసెట్ కన్వర్టర్ చాలాకాలం వాడాక

పాత క్యాసెట్లను ఎంపీ3 ఫైళ్లుగా మార్చే ఈ మెషీన్ ధర ఎంత, డబ్బాలో ఏమేమి వస్తాయి అన్నవి అమ్మేవాళ్లే రాసి పెడతారు. నేను రాసేది దాంట్లో ఉన్న ఒక్క ఆప్షన్ గురించి. పేరు ఆటో స్ప్లిట్. క్యాసెట్ తిరుగుతుండగా కాసేపు శబ్దం రాకపోతే పాట అయిపోయిందని లెక్కగట్టి, అక్కడ ఫైలు మూసేసి ఇంకో ఫైలు మొదలుపెడుతుంది. కొన్న కొత్తలో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. ఇప్పుడు నాకు కోపమంతా దీని మీదే.

ఎందుకు నచ్చిందో ముందు చెప్తాను. మా ఇంట్లో పాత సినిమా పాటల క్యాసెట్లు ఒక అట్టపెట్టె నిండా ఉన్నాయి. పెన్‌డ్రైవ్ గుచ్చి, క్యాసెట్ వేసి, రికార్డ్ నొక్కి వంట పనిలో పడితే, తిరిగొచ్చేసరికి ఆ సైడులోని పాటలన్నీ వేటికవే ఎంపీ3లు అయి ఉండేవి. కంప్యూటర్ అవసరం లేదు. ఓటీజీతో (పెన్‌డ్రైవ్‌ను ఫోన్‌కు కలిపే చిన్న ముక్క) ఫోన్‌లోకి ఎక్కించి పేర్లు మార్చుకుంటే సరిపోతుంది. సీ-60 అయితే సైడుకు 30 నిమిషాలు, సీ-90 అయితే 45. టేపు ఎంతసేపు తిరిగితే అంతసేపూ ఆగాల్సిందే, అందులో తొందరపెట్టేదేమీ లేదు. అయినా చుట్టాలందరికీ చెప్పాను. నా మాట మీద మా వదిన కూడా ఒకటి కొన్నది.

ఆలాపనతో మెల్లగా మొదలయ్యే పాటలకు మాత్రం మొదట్లో కొంచెం తెగేది. గొంతు పెరిగినాకగానీ మెషీన్‌కు పాట మొదలైనట్టు తెలియదు. ఎరిగిన పాటలే కాబట్టి సర్దుకున్నాను.

అసలు కథ మా నాయిన ఒగ్గు కథల (డోలు, తాళాలతో మల్లన్నలాంటి దేవుళ్ల గురించి పాడుతూ చెప్పే కథలు) క్యాసెట్ల దగ్గర మొదలైంది. మాది దేవరకొండ దిక్కు, గొర్ల మీద బతికే ఇల్లు. వరి కోతలు అయినంక నాయినవాళ్లు మందను తోలుకుని సాగర్ ఎడమ కాలువ ఆయకట్టుకు పోతారు. రైతుల మడుల్లో రాత్రిపూట మంద పెట్టి, ఎరువుకు బదులు వడ్లో పైసలో తీసుకుంటారు. అట్లా నెలల తరబడి బయటే. పెద్ద ఫోన్ ఇస్తే ఛార్జింగ్ కోసం ఊర్లోకి పోవడమే ఒక పని అవుతుందని ఆయన తీసుకోలేదు. బటన్ ఫోన్ అయితే ఒకసారి ఛార్జ్ చేస్తే రోజుల తరబడి వస్తుంది, స్పీకర్ గట్టిగా మోగుతుంది, 32 జీబీ కార్డు పడుతుంది. 128 కేబీపీఎస్ ఎంపీ3 నిమిషానికి సుమారు 1 ఎంబీ. అంటే సీ-90 క్యాసెట్ మొత్తం 90 ఎంబీ లోపే. నాయిన దగ్గరున్న కథలన్నీ పెట్టినా కార్డులో ఒక మూలకు సరిపోతాయి.

యూట్యూబ్‌లో ఒగ్గు కథలు లేవని కాదు, బోలెడున్నాయి. కానీ ఆయనకు కావలసింది సూర్యాపేట దగ్గరి దురాజ్‌పల్లిలో పెద్దగట్టు జాతరకు పోయినప్పుడు కొన్న నాలుగు క్యాసెట్ల మల్లన్న కథ. ఆ జాతర రెండేళ్లకోసారి వస్తుంది, లింగమంతుల స్వామి దగ్గరికి మావాళ్లంతా పోతారు. ఆ క్యాసెట్లలో చెప్పిన ఆ గొంతు, ఆ డోలు మాత్రమే ఆయనకు మల్లన్న కథ. వేరేవాళ్లు ఎంత బాగా చెప్పినా "బాగనే చెప్పిండు" అని పక్కన పెడతాడు.

నాలుగు క్యాసెట్లూ ఎక్కించి, కార్డు ఫోన్‌లో వేసి ఇచ్చాను. ఆయన మందతో పోయినంక ఫోన్ చేసి అడిగిన మొదటి మాట: "డోలు దెబ్బ యాడ పోయింది బిడ్డా?"

ఒగ్గు కథ విన్నవాళ్లకు ఈ మాట అర్థమవుతుంది. కథకుడు ఒక్కడే చెప్పుకుంటూ పోడు. పక్కన వంత ఉంటాడు. కథకుడు "అప్పుడు గొల్ల కేతమ్మ ఏమన్నదయ్యా అంటే" అని ఆగుతాడు. వంత వెంటనే అందుకోడు. ఒక ఊపిరి, రెండు ఊపిర్లు, ఎవ్వరూ మాట్లాడరు. అప్పుడు వంత "ఆ" అంటాడు, దాని మీద డోలు ఒక్క దెబ్బ పడుతుంది, తాళాలు లేస్తాయి, మల్లన్న పెళ్లాడే ఆ కేతమ్మ మాట పాటగా వస్తుంది. జాతరలో కూర్చున్న జనం ముందుకు వంగేది ఆ రెండు ఊపిర్ల సేపే. మా మెషీన్‌కు అది పాట అయిపోయిన గుర్తు. అక్కడ ఫైలు తెంపేసింది. కొత్త ఫైలు తెరుచుకునే లోపల వంత "ఆ" పోయింది, డోలు దెబ్బ మొదలు పోయింది. తాళాలు లేచినాక కథ మొదలవుతుంది. దానికి తోడు ఒక ఫైలు నుంచి ఇంకో ఫైలుకు పోవడానికి బటన్ ఫోన్ ఇంకాస్త సేపు తీసుకుంటుంది. ఒక్క సైడు లెక్కలేనన్ని ముక్కలైంది, ప్రతి ముక్కా సరిగ్గా ఊపిరి బిగబట్టే చోటే తెగింది.

ఇంకో సంగతి తర్వాత తెలిసింది. సరసరమనే చప్పుడు ఎక్కువున్న నాసిరకం క్యాసెట్లను ఇది ముక్కలు చేయలేదు, ఆ చప్పుడునే శబ్దం అనుకుని ఊరుకుంది. శుభ్రంగా రికార్డు చేసిన మంచి క్యాసెట్లే బలయ్యాయి. మా మల్లన్న కథ మంచి క్యాసెట్ కావడమే దానికి చేటయింది.

ఆప్షన్ ఆఫ్ చేయవచ్చు కదా అంటారు. చేయవచ్చు. బటన్ కొంచెంసేపు నొక్కి పట్టుకుంటే ఆఫ్ అవుతుంది. కానీ నా దగ్గరున్న మోడల్‌లో మెషీన్ ఆపి మళ్లీ వేస్తే ఆటో స్ప్లిట్ తనంతట తానే ఆన్ అవుతుంది. ఆ మాట మెషీన్‌తో వచ్చిన కాగితంలో ఎక్కడా లేదు. సైడు మార్చేటప్పుడు బ్యాటరీ వీక్ అయి ఆగిపోయినా అంతే. నన్ను అన్నిటికంటే బాధపెట్టింది ఇదే. వద్దని చెప్పినదాన్ని గుర్తుపెట్టుకోవడం ఎంత పని?

సరే, మళ్లీ రికార్డు చేద్దామని కూర్చుంటే రెండో క్యాసెట్ బీ సైడులో టేపు రోలర్‌కు చుట్టుకుంది. బయటికి తీసేసరికి జానెడు మేర నలిగిపోయి, ఒకచోట తెగింది. కేతమ్మ పెళ్లి ముచ్చట ఉన్నది ఆ సైడులోనే. ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

దేవరకొండలో పాత రేడియోలు, మిక్సీలు బాగుచేసే ఒక పెద్దాయన ఉన్నాడు. తీసుకుపోయి చూపించాను. ఆయన ముందు ఆ మెషీన్‌లో వేయడం ఆపమన్నాడు. నాలుగు మూలలా స్క్రూలున్న ఇంకో క్యాసెట్ విప్పి, దాని టేపు తీసేసి, మాది అందులోకి మార్చాడు. తెగిన కొసలు రెండూ ఏటవాలుగా కోసి, ఎదురెదురుగా ఆనించి, వెనకవైపు సన్నని టేపు అంటించాడు. మా క్యాసెట్‌లో టేపును హెడ్‌కు ఒత్తి పట్టే చిన్న స్పాంజి ముక్క ఎప్పుడో ఊడిపోయిందట, చప్పుడు మందంగా రావడానికి అదీ కారణమట. కొత్త పెట్టెలో ఆ స్పాంజి బాగుంది.

ఆయన మాట మీదే మా అటక మీది పాత టూ-ఇన్-వన్ (రేడియో, టేప్‌రికార్డర్ రెండూ ఉన్నది) దించాను. దానికి కొత్త బెల్టు వేయించి, దూదికి స్పిరిట్ అద్ది హెడ్ తుడిచి, హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి మా తమ్ముడి ల్యాప్‌టాప్ మైక్ రంధ్రానికి వైరు కలిపాము. ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో సైడు మొత్తం ఒకటే ఫైలుగా రికార్డయింది. విన్నప్పుడు నాకు నోట మాట రాలేదు. ఇన్నాళ్లూ మెషీన్ ఇచ్చిన శబ్దం మంచిదే అనుకున్నాను. పక్కపక్కన పెట్టి వింటే తేడా తెలిసింది. డోలు అడుగున గుమ్ము ఉంది, తాళం గింగురుమంటూ చివరిదాకా పోయింది. మెషీన్ శబ్దంలో గొంతు సన్నగా వణుకుతుంది, మోటారు నిలకడగా తిరగదనుకుంటా. నలిగిన చోట మాత్రం గొంతు ఒక క్షణం మసకబారింది. అది పోదు.

ఆడాసిటీలో చప్పుడు తగ్గించే నాయిస్ రిడక్షన్ ఉంది. ఉత్త సరసర ఉన్నచోటును ముందు చూపించి తర్వాత మొత్తానికి వాడాలి. కొంచెం వాడితే మంచిదే, ఎక్కువైతే కథకుడు బావిలోంచి మాట్లాడినట్టు ఉంటుంది. నేను కొద్దిగా తగ్గించి ఆపేశాను.

ఇంతా చేసి 45 నిమిషాల ఫైలు కార్డులో పెట్టి ఇస్తే నాయినకు ఇంకో చిక్కు వచ్చింది. బటన్ ఫోన్ ఎక్కడ ఆపామో గుర్తుపెట్టుకోదు. గొర్రె తప్పిపోయిందని మధ్యలో ఆపితే మళ్లీ మొదటినుంచీ రావాలి. ముక్కలుంటేనే నయం అన్నాడు. కాబట్టి ముక్కలు చేయడమే తప్పని నేను అనను, ఎక్కడ తెంపాలన్నదే విషయం. ఇప్పుడు నేనే విని, ఒక ఘట్టం పాట ముగిసి కథకుడు మళ్లీ వచనంలోకి వచ్చేచోట కోస్తున్నాను. పది పన్నెండు నిమిషాలకొక ఫైలు. పేర్ల ముందు 01, 02 అని సున్నాతో సహా రాస్తున్నాను, లేకపోతే ఆ ఫోన్ 1 తర్వాత 10 పాడుతుంది. చాలా ఓపిక పట్టే పని, కానీ డోలు ఎక్కడికీ పోదు.

మెషీన్ కొనాలా వద్దా అని అడిగితే, మీ అట్టపెట్టెలో ఏమున్నాయో చూసుకోండి. సినిమా పాటలు, భజనలు అయితే, ఇంట్లో కంప్యూటర్ లేకపోతే, ఇది పనికొస్తుంది. మా వదిన ఇప్పటికీ సంతోషంగానే వాడుతోంది, ఆమె దగ్గర అన్నీ పాటలే. ఒగ్గు కథ, యక్షగానం, హరికథలాంటివి ఉంటే ఆటో స్ప్లిట్ ఆఫ్ చేసినాక ఆఫ్‌లోనే ఉంటుందా అని కొనేముందే అడగండి. అటక మీద టూ-ఇన్-వన్ ఉంటే, బెల్టు వేసేవాళ్లు దగ్గర్లో ఉంటే, ముందు దాన్ని చూపించుకోండి. మాకు ఆ పెద్దాయన, తమ్ముడి ల్యాప్‌టాప్ రెండూ దొరికాయి కాబట్టి నేను ఇట్లా చెప్తున్నాను. నా మెషీన్ అమ్మలేదు, భజన క్యాసెట్లు ఇంకా దాంట్లోనే ఎక్కిస్తున్నాను. నాయిన క్యాసెట్లు మాత్రం మళ్లీ దాంట్లో పెట్టను.