పాత కామ్రీ హైబ్రిడ్‌కు కొత్త స్పార్క్ ప్లగ్గులు: విశాఖలో కొనుగోలు, విజయనగరంలో బిగింపు

పదేళ్లు దాటిన హైబ్రిడ్ కారుకు ఇంజనులో పెట్రోలును నిప్పురవ్వతో రగిలించే స్పార్క్ ప్లగ్గులు మార్చాలంటే విజయనగరంలో కుదరదని, విశాఖపట్నం తీసుకువెళ్లక తప్పదని ఊళ్లో చాలామంది చెబుతుంటారు. ఆ మాటలో సగమే నిజం. మార్చే పని ఇక్కడి మంచి పెట్రోలు మెకానిక్ ఎవరైనా చేయగలడు. విశాఖ దాకా వెళ్లవలసి వస్తే అది అసలైన ప్లగ్గుల కోసమే.

మాది 2014 నాటి టయోటా కామ్రీ హైబ్రిడ్. కర్ణాటకలోని బిడదిలో ఈ కారు అసెంబ్లీ 2013లో మొదలైంది. దీనిలో 2,494 సీసీల నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజను, దానికి తోడు విద్యుత్ మోటార్లు, వెనుక సీటు వెనక 244.8 వోల్టుల నికెల్ మెటల్ హైడ్రైడ్ బ్యాటరీ ఉన్నాయి. ఆ వోల్టుల సంఖ్య వినగానే మెకానిక్కులు జంకుతారు, అందులో తప్పేమీ లేదు. కానీ ప్లగ్గులు ఉండేది పెట్రోలు ఇంజను పైభాగమైన హెడ్‌లో, సిలిండరుకు ఒకటి చొప్పున నాలుగు. వాటిని తీసి పెట్టడానికి ఆ ఎక్కువ వోల్టుల కరెంటును మోసే నారింజ రంగు కేబుళ్లలో దేనినీ ముట్టుకోవలసిన అవసరం రాదు.

పాత ప్లగ్గుల సంగతి హైబ్రిడ్‌లో తొందరగా బయటపడదు. కోట జంక్షన్, గంటస్తంభం దగ్గరి రద్దీలో కారు చాలాసేపు మోటారు మీదే కదులుతుంది కాబట్టి ఇంజను మిస్సింగ్, అంటే పెట్రోలు సరిగా రగలకపోవడం, ఉన్నా తెలియదు. ఇంజను కాస్త నీరసించినా ఆ లోటును మోటారు పూడ్చేస్తుంది. మాకు ఆ సంగతి సాలూరు ఘాట్‌లో తెలిసింది. కోరాపుట్ వైపు ఎక్కుతున్నప్పుడు, బ్యాటరీ ఛార్జి తగ్గి భారమంతా ఇంజను మీద పడగానే, యాక్సిలరేటరు నొక్కిన ప్రతిసారీ స్టీరింగుకు తెలిసేలా ఒక వణుకు వచ్చింది. ఆగి ఉన్న కారులో ఇంజను తనంతట తాను స్టార్టయ్యే క్షణంలో కుదుపు కొంతకాలంగా ఉన్నదే గానీ, వయసు మీద పడిన ఇంజను మౌంటింగుల వల్ల అనుకోవడం సహజం. స్కానరు పెడితే పీ0303 అని చూపించింది, అంటే మూడో సిలిండరులో మిస్‌ఫైర్ అని అర్థం.

మధ్య కొన ఇరిడియం లోహంతో చేసిన ప్లగ్గులకు లక్ష కిలోమీటర్లు అన్నది సాధారణంగా చెప్పే లెక్క. ఓడోమీటరు లక్ష చూపించినా హైబ్రిడ్‌లో ఇంజను అంత దూరమూ తిరగలేదు కదా, ఇంకొన్నాళ్లు నడపవచ్చు అని వాదించేవారు ఉన్నారు. ఈ వాదన నాకు నచ్చదు. ఇంజను తిరిగిన గంటలు తక్కువే కావచ్చు, కానీ ఆగడం, మళ్లీ రగలడం మామూలు కారు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. పైగా అరిగిన ప్లగ్గు మధ్య ఖాళీ పెరిగేకొద్దీ నిప్పురవ్వ దాటడానికి ప్లగ్గుకు కరెంటు ఇచ్చే కాయిల్ మరింత వోల్టేజి పుట్టించాలి, ఆ శ్రమకు చివరికి కాయిల్ పోతుంది. ప్లగ్గు మీద మిగుల్చుకున్నది కాయిల్ మీద రెండింతలుగా వదులుతుంది.

ఇక కొనుగోలు. ఆన్‌లైన్‌లో సగం ధరకు దొరుకుతున్నాయని మా బావమరిది ఒక సెట్టు తెప్పించాడు. నేను విశాఖలోని కంపెనీ విడిభాగాల కౌంటరులో ఛాసిస్ నంబరు చెప్పి ఇంకో సెట్టు తీసుకున్నాను. ఛాసిస్ నంబరు చెప్పడం ముఖ్యం, ఎందుకంటే అదే 2.5 లీటర్ల కామ్రీలో హైబ్రిడ్ కాని ఇంజనూ ఉంది. పెట్రోలు, గాలి మిశ్రమాన్ని సిలిండరు ఎన్నింతలు నొక్కుతుందో చెప్పే కంప్రెషన్ నిష్పత్తి దానికి 10.4 అయితే హైబ్రిడ్‌ది 12.5. మోడల్ పేరు ఒక్కటే చెబితే కౌంటరు వెనక కుర్రవాడు ఏ డబ్బా తీసి ఇస్తాడో చెప్పలేం.

రెండు సెట్లనూ బల్ల మీద పక్కపక్కన పెట్టి భూతద్దంతో చూశాం. కౌంటరు ప్లగ్గులో మధ్య ఎలక్ట్రోడు కొన సన్నటి తీగలా నిటారుగా ఉంది, దానికి ఎదురుగా పైనుంచి వంగిన కొమ్ము లోపలివైపు ప్లాటినం బిళ్ల చిన్న చుక్కలా మెరుస్తోంది, పింగాణీ మీది అక్షరాలు సూదితో గీసినంత స్పష్టంగా ఉన్నాయి. ఆన్‌లైన్ ప్లగ్గుకు ఆ బిళ్లే లేదు. మధ్య కొన ఒక పక్కకు ఒరిగింది, అక్షరాలు గోటితో గీకితే పొడిగా రాలాయి, నాలుగింటిలో రెండింటికి గ్యాప్ (మధ్య కొనకూ కొమ్ముకూ నడుమ ఖాళీ) కూడా ఒకటి కాదు. డబ్బా మాత్రం అచ్చం అసలు డబ్బాలాగే ఉంది, హోలోగ్రాంతో సహా! ఇరిడియం కరగడానికి సుమారు 2,446 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి, నికెల్‌కు 1,455 చాలు. లోపల ఉన్నది నికెలే అయితే అంత సన్నటి కొన ఎన్నాళ్లు నిలుస్తుందో ఊహించుకోవచ్చు. ఆ సెట్టును వెనక్కి పంపించాం, అమ్మినవాడు డబ్బు వాపసు ఇవ్వడానికి నానా తిప్పలు పెట్టాడు.

సంకేతాల గురించి ఒక మాట. డెన్సో కంపెనీ ప్లగ్గుల మీద చివర 11 అని ఉంటే గ్యాప్ 1.1 మిల్లీమీటర్లని అర్థం. మధ్యలో ఉండే 16, 20 వంటి అంకెలు వేడిని ఎంత తొందరగా వదిలించుకుంటుందో చెబుతాయి, అంకె పెరిగితే ప్లగ్గు చల్లగా ఉంటుందన్నమాట. ‘20 అయితే ఇంకా పవర్ వస్తుంది సార్’ అని ఎవరైనా అంటే నమ్మవలసిన పని లేదు, మాన్యువల్‌లో ఉన్నదే వేయాలి.

బిగించింది రింగు రోడ్డు వైపు ఉన్న ఒక చిన్న షెడ్డులో. హైబ్రిడ్ అని చెబితే యజమాని నవ్వాడు. ‘ఏటి మాస్టారూ, ఆ నారింజ వైర్లతో నాకేటి పని? ప్లగ్గు ప్లగ్గే కదండి’ అన్నాడు. అయినా జాగ్రత్తలో ఎక్కడా తగ్గలేదు. ముందుగా కారు పూర్తిగా ఆపించి, స్మార్ట్ కీని షెడ్డు బయట టీకొట్టు దాకా పంపించి, డిక్కీలో ఉన్న 12 వోల్టుల బ్యాటరీ నెగటివ్ తీయించాడు. కారు ఆన్‌లో ఉందని డ్యాష్‌బోర్డులో చూపే రెడీ దీపం వెలుగుతుండగా బానెట్ తెరిచి చేయి పెడితే, బ్యాటరీ ఛార్జి తగ్గినప్పుడు ఇంజను చెప్పాపెట్టకుండా స్టార్టవుతుంది. మామూలు కార్ల అలవాటుతో పనిచేసేవారికి ఈ కారులో ప్రమాదం ఉన్నది ఇక్కడే, కాబట్టి మెకానిక్‌ను ఎంచుకునేటప్పుడు మొదట అడగవలసిన ప్రశ్న కూడా ఇదే.

ఇంజను చల్లారేదాకా అతడు కదలలేదు. అల్యూమినియం హెడ్ వేడిగా ఉన్నప్పుడు ప్లగ్గు తిప్పితే హెడ్‌లోని మరలు చెడిపోతాయి, ఆ ఖర్చు ముందు కొత్త ప్లగ్గుల ధర ఒక లెక్కలోకే రాదు. ప్లాస్టిక్ కవరు, నాలుగు కాయిళ్లు, ఒక్కో కాయిలుకు ఒక 10 నంబరు బోల్టు. ఇవి తీయడం క్షణాల పని. తరువాత ప్లగ్గు ఉండే ప్రతి గుంటలోనూ కంప్రెసర్ గాలి కొట్టించాడు, లేకపోతే అక్కడి ఇసుక ప్లగ్గు తీయగానే నేరుగా సిలిండరులోకి పోతుంది. మూడో గుంటలో అడుగున పలచగా ఆయిలు తేలింది, కాయిల్ రబ్బరు బూటు ఉబ్బిపోయి ఉంది. బూటు మార్చాడు, వాల్వ్ కవరు గ్యాస్కెట్టు త్వరలో వేయించుకోమన్నాడు. పాత ప్లగ్గులను సిలిండరు వరుసలోనే గుడ్డ మీద పేర్చాడు. మూడోదాని గ్యాప్ ఫీలర్ గేజితో కొలిస్తే 1.3 మిల్లీమీటర్ల దాకా పోయింది.

కొత్త ప్లగ్గును రబ్బరు గొట్టానికి తగిలించి చేత్తోనే మరలు పట్టించి, ఆ తరువాతే బిగింపు బలాన్ని కొలిచే టార్క్ రెంచ్ తీశాడు, 20 న్యూటన్ మీటర్ల దగ్గర క్లిక్‌మనిపించాడు. టార్క్ రెంచ్ లేని చోట వాషరు తగిలిన తరువాత అర చుట్టు తిప్పి ఆపితే సరిపోతుంది. బలం ఉంది కదా అని ఇంకా బిగించకూడదు. మరలకు గ్రీజు పూయకపోవడం కూడా నాకు నచ్చింది. ఈ ప్లగ్గుల మరలకు పూత ముందే ఉంటుంది, మళ్లీ ఏదైనా పూస్తే జారి అవసరానికి మించి బిగుస్తాయి.

ఫలితం విషయానికి వస్తే, స్టార్టయ్యేటప్పటి కుదుపు పోయింది, సాలూరు ఘాట్‌లో వణుకు మళ్లీ రాలేదు. మైలేజి పెరిగిందా అంటే చెప్పుకోదగినంత ఏమీ లేదు, ప్లగ్గులు మార్చగానే మైలేజి పెరుగుతుందనే ప్రచారాన్ని నేను పట్టించుకోను. ప్లగ్గు ఒక్కోటి వెయ్యి రూపాయలకు కాస్త అటూ ఇటూగా పడింది, షెడ్డులో లేబరు ఒక ప్లగ్గు ధర కూడా కాలేదు. లోపం ఒక్కటే: అక్కడ రశీదు అడిగితే డైరీలోంచి చింపిన కాగితం ఇస్తారు. కారు అమ్మేటప్పుడు సర్వీసు చరిత్ర చూపించాలనుకునేవారు ప్లగ్గుల బిల్లును, డబ్బా మీది నంబరును, ఆనాటి కిలోమీటర్ల రీడింగును తామే రాసి పెట్టుకోవాలి.